తపస్సుమాను కింద మహిత

మహితను చూడాలంటే బంగారుపాళ్యం దాటాక హైవే పక్కనున్న మామిడిగుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర, షిఫ్టు వదిలే వేళకు నిలబడితే చాలు. తలకు గుడ్డ చుట్టుకొని, చేతుల నిండా మామిడి సొన మచ్చలతో, నలుగురు ఆడవాళ్ల మధ్య గలగలా మాట్లాడుతూ వచ్చే మనిషి ఆమే. బెల్టు మీద పరిగెత్తే కాయల్లో కుళ్లినవాటిని ఏరి పారేయడం ఆమె పని. సూపర్వైజరును అనుకరించి అందరినీ నవ్విస్తుంది కూడా. ఇంత చలాకీ మనిషి ఊరి మొగదల ఆటో దిగేసరికి నోరు కట్టేసుకుంటుంది. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండని కోడలు నవ్వుతూ కనిపిస్తే చాలు, ఊరికి కోపం వస్తుంది. ఎందుకో ఆ ఊరినే అడగాలి.

ఆమె మొగుడు జయచంద్ర. ఊళ్లో అందరికీ ‘అర్జునుడు’. ఎండాకాలంలో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగినప్పుడు తపస్సుమాను ఎక్కేది ఆ ఇంటివాళ్లే. తండ్రి నారాయణ మోకాళ్లు అరిగేదాకా ఎక్కి, తర్వాత కొడుక్కు అప్పగించాడు. గుడి ముందర నిలువెత్తున పాతిన తాటిమాను, దానికి అడ్డంగా మెట్ల చెక్కలు, చివర చిన్న మంచె. కాషాయం కట్టి, నెత్తిన జడముడి పెట్టుకున్న అర్జునుడు మెట్టుకొక పద్యం పాడుతూ పైకెక్కి, అక్కడినుంచి నిమ్మపండ్లు, విభూతి, పూలు విసురుతాడు. పిల్లల్లేని ఆడవాళ్లు తలస్నానం చేసి, తడిబట్టలతో మాను చుట్టూ బోర్లా పడుకొని చేతులు చాచి ఉంటారు. దీన్నే వరం పడడం అంటారు. చేతుల్లో పండు పడిందా, మళ్లీ భారతానికి చంకలో బిడ్డ ఉంటుందని నమ్మకం. ఉన్న సందర్భాలూ ఉన్నాయి, కాదనను.

మహిత కూడా ఏటా పడుకుంటుంది. ఏటా ఆమెకు పండు పడుతుంది. పడకుండా ఎట్లా ఉంటుంది? విసిరేది సొంత మొగుడాయె! గురి చూసి సరిగ్గా ఆమె దోసిట్లోనే వేస్తాడు. చూసినవాళ్లు మొదట్లో ముసిముసిగా నవ్వుకొనేవాళ్లు. ఇప్పుడు నవ్వడం లేదు. దేవుడు ఇస్తున్నాడు, మొగుడు అందిస్తున్నాడు, అయినా నిలవలేదంటే లోపం ఎక్కడుందో చెప్పాలా అంటారు. పోయినేడు ఆడబిడ్డ సీమంతంలో గాజులు తొడగబోతే, అత్త చంద్రకాంతమ్మ చెయ్యి పట్టుకొని వంటింట్లోకి తీసుకుపోయింది. "ఈడ ఉండు తల్లీ, పాయసం చూస్తా ఉండు" అంది మెల్లగానే. తిట్టి ఉంటే బాగుండేదని మహితకు అనిపించింది.

లోపం ఎక్కడుందో మహితకు తెలుసు. జయచంద్రకూ తెలుసు. ఇద్దరూ తిరుపతిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయారు. పరీక్షలన్నీ చేసి ఆమె మొహమాటం లేకుండా చెప్పేసింది. అమ్మాయికి ఏమీ లేదు, ఇబ్బంది అబ్బాయిలో ఉంది, సిగ్గుపడాల్సిన పని లేదు, మందులు వాడి చూద్దాం, అవి కాకపోతే ఇంకా దారులున్నాయి అంది. తిరిగి వచ్చే బస్సులో జయచంద్ర కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఈ మాట మన మధ్యనే ఉండనీ మహితా. వరమిచ్చే నాకే లేదంటే ఊర్లో యెవరన్నా నా చేతి పండు పడతారా?" అన్నాడు. ఆమెకు జాలేసింది. సరేనంది. ఆ సరే తర్వాత ఆయన ఆస్పత్రి మొహం చూడలేదు. ఎవరైనా చూస్తే ఎట్లా అని భయం. ఆమె ఒక్కత్తే పోతే మాత్రం ఏం లాభం? వయసు ఆగుతుందా ఏమన్నా?

ఈ ఏడు వరం పడనని మహిత గట్టిగానే అనుకుంది. నాయుడుపేటలో ఉన్న అమ్మ దగ్గరికి పోదామనీ చూసింది. తేరుకునేలోపే గుడిలో కంకణాలు కట్టేశారు. కంకణం కట్టాక భారతం ముగిసేదాకా ఊరివాళ్లెవరూ పొలిమేర దాటి బయట నిద్ర చేయకూడదు. కట్టుకున్నవాళ్లకైతే ఇంకా కట్టుబాట్లు. గుడిలోనే పడక, ఒంటిపూట తిండి, అబద్ధం ఆడకూడదు. జయచంద్ర వీటన్నింటినీ నిష్ఠగా పాటిస్తాడు. అందులో వంక పెట్టడానికి లేదు.

మధ్యాహ్నం పాలూ పండ్లూ తీసుకొని గుడికి పోయినప్పుడు మహిత మెల్లగా కదిపింది.

"మీ అమ్మకొక్కదానికి చెప్పు. ఊరికి చెప్పొద్దులే. అత్తకు తెలిస్తే సాలు నాకు."

"భారతం కానీ, చెప్తా."

"పోయినేడూ ఇదే మాట అన్న్యావు."

"కంకణంతో ఉండాను మహితా. ఇప్పుడీ గొడవలెందుకు?"

"అబద్ధమాడకూడదు గదా కంకణంతో?"

"నేను యాడ అబద్ధమాడినాను? ఊరికే ఉండాను, అంతే" అన్నాడు జయచంద్ర, పాలగ్లాసు కింద పెట్టి. మహితకు ఒళ్లు మండిపోయింది. ఊరికే ఉండడానికి ఆయనకు జాగా ఉంది, ఆమెకు లేదు.

ఆ పూట హరికథ చెప్పడానికి తిరుపతినుంచి పద్మాక్షి అనే టీచరమ్మ వచ్చింది. చిరుతలు వాయిస్తూ కిరాతుడి ఘట్టం ఎత్తుకుంది. "అర్జునుడు ఎంతో తపస్సు చేశాడమ్మా. అయినా శివుడు వరం చేతిలో పెట్టి పోలేదు. బోయవాడి వేషంలో వచ్చి కొట్లాట పెట్టుకున్నాడు. అమ్ములు అయిపోయినాయి, విల్లు పోయింది, కత్తి విరిగింది. చివరికి ఒట్టి చేతులతో కిందపడినాడు. నా అంత విలుకాడు లేడన్న మాట ఆ మట్టిలో కలిసిపోయినాకనే పాశుపతం దక్కింది. పరువును నెత్తిన పెట్టుకొని ఎంత ఎత్తు ఎక్కినా అది తపస్సు కాదు, మాను ఎక్కడమే" అంది. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న జయచంద్ర కూడా తలూపాడు. ఆ తలూపడం చూసి మహిత లేచి ఇంటికి పోయింది.

మరుసటి రోజు పొద్దున తపస్సు. చంద్రకాంతమ్మే కోడలి నెత్తిన చెంబులతో నీళ్లు పోసి, "ఈసారి మనసు పెట్టి పడుకో" అని చేయి పట్టుకొని నడిపించుకుపోయింది. జనం మధ్య పడనని గోల చేయడానికి మహితకు నోరు రాలేదు. పడుకుంది. తడిచీర ఒంటికి అంటుకుపోయింది. నోట్లోకి మట్టి వచ్చింది. పక్కనే జాహ్నవి, అదే ఊళ్లో సుబ్బులమ్మ అనే ఆవిడకు కొత్త కోడలు, చలికో భయానికో వణికిపోతోంది. ఈ ఏడు కమిటీవాళ్లు అర్జునుడి మెడలో చిన్న మైకు పెట్టారు. పద్యం ఊరంతా వినిపిస్తోంది.

పూలు పడ్డాయి, విభూతి రాలింది, పండ్లు పడ్డాయి. మహిత దోసిట్లోకి నిమ్మపండు సూటిగా వచ్చి పడింది. జాహ్నవికి పడలేదు. జోలె ఖాళీ చేసి అర్జునుడు దులిపి చూపించగానే ఆ పిల్ల మట్టిలోనే మొహం పెట్టి ఏడ్చింది. చూడలేక మహిత తన పండు ఆ పిల్ల చేతిలో పెట్టింది.

సుబ్బులమ్మ గద్దలా వచ్చి ఆ పండును లాక్కుంది. "గొడ్రాలి చేతి పండా నా కోడలికి! నీకు నిలవనిది దానికీ అంటించల్లనా?" అని దూరంగా విసిరికొట్టింది.

చంద్రకాంతమ్మ తల దించుకుంది. మహిత తల ఎత్తి మాను పైకి చూసింది. జయచంద్ర అంతా చూశాడు, విన్నాడు. ఒక్క మాట అంటాడేమోనని ఆమె కాచుకుంది. నిజం చెప్పకపోయినా సరే, నా పెళ్లాన్ని అట్లా అనొద్దు అన్నా చాలు, ఇంకొన్నేళ్లు ఆ మట్టిలోనే పడుకొని ఉండేది పిచ్చిది. జయచంద్ర చూపు తిప్పుకొని మంగళం ఎత్తుకున్నాడు.

"అత్తా," అంది మహిత లేచి చంద్రకాంతమ్మ వైపు తిరిగి. "నా కడుపుకు ఏమీ లేదు. తిరపతిలో డాక్టరమ్మ సూసి చెప్పింది. ఇబ్బంది ఆయనలో ఉండాది. నా మాట నమ్మబాకండి. కంకణం కట్టుకోనుండాడు గదా, ఆయన్నే అడగండి."

మంగళం ఆగిపోయింది. జయచంద్ర మానును రెండు చేతులా కరుచుకొని నిలబడ్డాడు. దిగడానికి లేదు, దాక్కోవడానికి లేదు. కింద ఊరు ఊరంతా మొహాలెత్తి చూస్తోంది.

చంద్రకాంతమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని పైకి చూసింది. "ఏమబ్బా జయచంద్రా, నిజమేనా?"

మైకులో ఊపిరి తీసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత గుడి మీదా వీధి చివరా ఉన్న స్పీకర్లన్నిటిలోనూ ఒక్కసారిగా, "నిజమేమ్మా" అని వినిపించింది.

మహితకు బరువేమీ దిగినట్టు అనిపించలేదు. మొగుడి పరువు తీసిందని అప్పుడే ఎవరో అంటున్నారు. దేవుడి పని చెడగొట్టిందని ఇంకెవరో. చంద్రకాంతమ్మ కూలబడి కొడుకువైపే చూస్తోంది, కోడలివైపు చూడలేదు. రేపటినుంచి ఈ ఊళ్లో ఎట్లా బతకాలి, ఆ మనిషి కిందికి దిగాక ఆయన మొహం ఎట్లా చూడాలి అనుకుంటూ, పోవడానికి వేరే చోటు లేక, మహిత ఆ తడిచీరతోనే అక్కడే నిలబడింది.

వెనకనుంచి ఎవరో కొంగు లాగారు. జాహ్నవి. అత్తకు కనపడకుండా ఒంగి, మట్టి అంటుకున్న మొహంతో, చెవి దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఆ డాక్టరమ్మ తిరపతిలో యాడుంటాది?"