పాల చక్కెర మరిచిన తోడు

పాల కేంద్రంలో ఆమెను అందరూ తోడక్క అంటారు. పాలను పెరుగు చేసే బ్యాక్టీరియాను పదహారేళ్ళుగా పెంచుతున్నది ఆమే. గది చిన్నది. ఒక గాజు పెట్టె, రెండు ఇంక్యుబేటర్లు, మూలన ఫ్రీజరు. గదిలోకి ఎవరు వచ్చినా ఆమె ముందు వాళ్ళ చేతులు చూస్తుంది, ఆ తరవాతే ముఖం. బల్ల మీద వేలిముద్ర కనిపిస్తే అది ఎవరిదో తేలేదాకా ఊరుకోదు. తన నీడను కూడా సబ్బుతో కడిగి గానీ లోపలికి రానివ్వదని ప్యాకింగువాళ్ళ వేళాకోళం. ఆమెకది పొగడ్తలాగే ఉండేది.

ఒక సోమవారం పెద్ద తొట్టిలో పెరుగు పేరుకోలేదు. ఎనిమిది గంటల్లో గడ్డకట్టాల్సిన పాలు పన్నెండు గంటలైనా పాలలాగే ఉన్నాయి. బుధవారం మళ్ళీ అదే. రెండు తొట్ల పాలూ కాలువ పాలయ్యాయి. మేనేజరు ఆమెను పిలిచి కారణం అడిగాడు. ఆమె తడుముకోలేదు.

"తొట్టి సరిగా కడగట్లేదు సార్. కడిగే మందు అడుగున మిగిలిపోతోంది. అది తగిలితే నా తోడు చస్తుంది."

తొట్లు కడిగేది ఆమె చెల్లెలి భర్త. రెండేళ్ళ కిందట అతన్ని పనిలో పెట్టించింది ఆమే. మనవాడని చూసీచూడనట్టు వదిలేసిందని ఎక్కడ అంటారోనని మిగతావాళ్ళకంటే అతన్నే ఎక్కువ కనిపెట్టి ఉండేది. ఒకసారి గొట్టం చివర నురగ చూసింది కూడా.

"నెలాఖరు దాకా చూస్తాను. తేలకపోతే కడిగే మనిషిని మార్చేస్తాను" అన్నాడు మేనేజరు.

ఆ మాట ఆమెకంటే ముందే కడిగే చోటికి చేరింది. మరిది రబ్బరు బూట్లతో ఎదురొచ్చాడు.

"నేను కడగట్లేదని చెప్పావంట వదినా."

"చెప్పాను. కడుగుతున్నావని చూపించు, మాట వెనక్కి తీసుకుంటా."

"కడిగినట్టు ఎలా చూపిస్తారు? కడిగితే అక్కడ ఏమీ ఉండదు కదా."

ఆమె గొట్టం చివర మరోసారి చూసి తన గదికి వెళ్ళిపోయింది. సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది.

"నీ పురుగుల మీదున్న నమ్మకంలో సగం మా మీద లేకపోయిందక్కా."

"అవి అబద్ధం ఆడవు."

"మేం ఆడతామా?"

ఫోన్ పెట్టేశాక ఆమె చేసింది, మరిది తప్పును రుజువు చేసే పని. అతని చెయ్యి తగలని కొత్త గాజు సీసాలో మరిగించి చల్లార్చిన పాలు పోసి తోడు వేసింది. ఇది గడ్డకడితే తప్పు తొట్టిదే. గడ్డకట్టలేదు. పశువులకు వేసిన మందు పాలలోకి వచ్చిందేమోనని, వేరే ప్రాంతపు పాలపొడి డబ్బా తెప్పించి, ఆ పాలు కలిపి తోడు వేసి చూసింది. ఊహూఁ. బ్యాక్టీరియాను తినే వైరస్ పట్టిందేమో అనుకుంది. అదైతే పెంచే సీసాలోనే అవి చచ్చి ద్రావణం పలచబడాలి. సీసా మాత్రం చిక్కగా, కళకళలాడుతూ ఉంది. ఆ సీసాను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.

లాక్టోజు అనే పాల చక్కెరా, ఊదా రంగూ కలిపిన పళ్ళెంలో తోడును పలచగా పరిచింది. పాల చక్కెర తిన్న బ్యాక్టీరియా ఆమ్లం వదులుతుంది, దాని చుట్టూ ఊదా రంగు పసుపవుతుంది. ఒక్కో కణం పెరిగి ఒక్కో చుక్కవుతుంది. రెండు రోజుల తరవాత లెక్కపెడితే నూట ఇరవై చుక్కల్లో పసుపైనవి పదకొండు. మిగతావి బతికే ఉన్నాయి. పాల చక్కెర తినడం మాత్రం మరిచిపోయాయి.

ఎందుకు మరిచాయో ఆమెకు అప్పుడు తట్టింది. వాటి జన్యువుల్లో అధికభాగం ఒక పెద్ద డీఎన్‌ఏ ఉంగరంలో ఉంటాయి. పాల చక్కెరను విరగ్గొట్టే జన్యువులు మాత్రం ప్లాస్మిడ్ అనే వేరే చిన్న ఉంగరంలో ఉంటాయి. కణం రెండుగా చీలినప్పుడు ఒక్కోసారి ఒక పిల్లకు ఆ చిన్న ఉంగరం అందదు. పాలలో పెంచితే అలాంటి పిల్లకు తిండి దొరకదు, వెనకబడిపోతుంది. విరగ్గొట్టే పనిలేని గ్లూకోజు పెడితే దానికి ఏ లోటూ ఉండదు. పైగా ఉంగరాన్ని నకలు తీసే శ్రమ లేదు కాబట్టి మిగతావాటికంటే త్వరగా పెరుగుతుంది. కొన్ని వారాల్లో సీసా నిండా అవే.

ఇన్నేళ్ళూ ఆమె తోడును పాలలోనే పెంచింది. ఐదు వారాల కిందట గ్లూకోజు ద్రావణానికి మార్చింది. తెల్లటి పాలలో పరాయి క్రిమి చేరినా కనపడదనీ, తేటగా ఉండే ద్రావణంలో తన కన్ను కప్పి ఏదీ పెరగజాలదనీ ఆమె ఉద్దేశం. ఎవరినీ అడగలేదు. ఎవరికీ చెప్పలేదు.

మేనేజరుకు ఇదంతా చెప్పింది. అతను కుర్చీలో వెనక్కి వాలాడు.

"మొన్న మందు అన్నారు. మరిది ఉద్యోగం పోతుందనగానే జన్యువులంటున్నారు."

"తప్పు నాదంటున్నాను సార్."

"అందుకే నా అనుమానం. తప్పు నాదని ఇక్కడ ఎవరూ అనగా నేను వినలేదు."

"అయితే మీరే కడగండి. మీరే పాలు పోయండి. ఒక సీసాలో పాలూ తోడూ. ఇంకోదాంట్లో పాలూ తోడూ, కాస్త గ్లూకోజు. రెండోది గడ్డకట్టి మొదటిది కట్టకపోతే మీరే చెప్పండి, తప్పు ఎవరిదో."

అతను నిజంగానే చొక్కా చేతులు మడిచి రెండు సీసాలూ కడిగాడు. గ్లూకోజు తనే మందుల షాపులో కొనుక్కొచ్చాడు. మూతల మీద కాగితం అంటించి సంతకం పెట్టి, ఇంక్యుబేటరు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మర్నాడు తీసి రెంటినీ వంచి చూశాడు. గ్లూకోజు వేసినది కదల్లేదు. గ్లూకోజు లేనిది ఒలికి అతని బూటు మీద పడింది.

ఫ్రీజరులో పాత పద్ధతిలో పెంచినప్పటి తోడు గొట్టాలు ఉన్నాయి. వాటితో మళ్ళీ పాలలోనే మొదలుపెట్టారు. ఆమెకు మెమో వచ్చింది. గది రెండో తాళంచెవి ఇంకో టెక్నీషియన్‌కు ఇచ్చారు. తోడు మార్చిన ప్రతిసారీ అతను పక్కన నిలబడి చూసి సంతకం పెట్టాలి. ఆమె వద్దనలేదు.

కడిగే చోటికి వెళ్ళి మరిదికి చెప్పింది. అతను గొట్టం కట్టేసి విన్నాడు.

"అంటే నేను కడిగినట్టేనా?"

"కడిగావు."

"ఇక్కడ నాకు చెప్తే ఏం లాభం వదినా? అన్నది నలుగురిలో కదా."

షిఫ్టు మారే వేళ ప్యాకింగు హాల్లో ఆమె యంత్రాల పక్కన నిలబడి చెప్పింది. తొట్లు శుభ్రంగానే ఉన్నాయని, తోడు పాడుచేసింది తనేనని. ఎలా పాడైందో కూడా చెప్పబోయింది. సంచులు మడుస్తున్న పెద్దాయన తలెత్తాడు.

"ఆ జన్యువులూ ఉంగరాలూ మాకెందుకు గానీ తోడక్కా, మీ చెల్లెలు బాగా ఏడ్చిందా?"

హాలంతా నవ్వింది. ఆమె మరోసారి చెప్పింది. ఈసారి ఇద్దరు ముగ్గురు తలూపారు, నమ్మారో లేదో తెలియదు. ఆమె బయటికి వచ్చి, వచ్చే నెల డ్యూటీ పట్టికలో మరిది పేరు వెతికింది. ఉంది. ఎవరైనా పెన్సిలుతో రాశారేమోనని వేలితో రుద్ది చూసి, ఇంటికి వెళ్ళింది.