మైనస్ నాలుగు

ఫిజిక్సు మాస్టారు పాఠం చెబితే ఎంత మొద్దు బుర్రకైనా ఎక్కాల్సిందే. కాలేజీలో ఆ మాట అందరూ ఒప్పుకుంటారు. కాకపోతే ఎక్కించడానికి ఆయన ఏ జోకైనా వేస్తాడు, ఎవరి మీదైనా వేస్తాడు. ఇంట్లోవాళ్ళని కూడా వదలడు.

ఆయన భార్య పెళ్ళితో చదువు ఆపేసింది. పిల్లలు బడిలో కుదురుకున్నాక, ఆగిపోయిన పరీక్ష ప్రైవేటుగా కడతానంది. పాసైతే ఆ బడిలోనే చిన్న తరగతులకి పాఠాలు చెప్పాలని ఆవిడ ఆశ. "కట్టు, నేనున్నాగా" అన్నాడు మాస్టారు. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు. అప్పట్నుంచి రోజూ వంటిల్లు సర్దుకుని, చేతి తడి ఆరకుండానే భోజనాల బల్ల మీద పుస్తకం తెరిచేది.

ఒకరోజు వచ్చిన లెక్క తేలికే. ఒక వస్తువులో పది ప్రోటాన్లు, పది ఎలక్ట్రాన్లు ఉన్నాయనుకోండి. రుద్దితే నాలుగు ఎలక్ట్రాన్లు పోయాయి. ఇప్పుడు దాని నికర ఆవేశం, అంటే మొత్తం ఛార్జి, ఎంత? ఆవిడ తడుముకోకుండా మైనస్ నాలుగు అని రాసింది.

"మైనస్ ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు మాస్టారు.

"నాలుగు పోయాయిగా! పోతే మైనస్ కాక ఇంకేంటి?"

మాస్టారు విరగబడి నవ్వాడు. "పోయినవాటి సంగతి నీకెందుకు? ఉన్నవి లెక్కపెట్టు. ప్లస్సులు పదీ అలాగే ఉన్నాయి. మైనస్సులు ఆరే మిగిలాయి. కలిపితే?"

"ప్లస్ నాలుగు" అని నాలిక్కరుచుకుంది. తనూ నవ్వింది.

మర్నాడు కాలేజీలో అదే పాఠం. పిల్లలు తెల్లమొహాలేసుకుని చూస్తున్నారు. మాస్టారి నోరు ఊరుకుంటుందా? "మా ఇంట్లో మాత్రం ఎలక్ట్రాన్లు పోతే మైనస్సేరా! మా ఆవిడ వంటింటి ఫిజిక్సు!" అన్నాడు. క్లాసంతా కడుపుబ్బ నవ్వింది. పరీక్షలో ఒక్కరంటే ఒక్కరు ఆ తప్పు చేయలేదు. మాస్టారు మురిసిపోయాడు.

ఆ క్లాసులోనే ఎదురింటి అమ్మాయి కూడా ఉంది. ఆ జోకేసిన సాయంత్రమే గేటు దగ్గర కనబడి, "ఆంటీ, ఎలక్ట్రాన్లు పోతే మీకు మైనస్సటగా? పడీపడీ నవ్వాం!" అంది. దాని మనసులో కల్మషం లేదు. ఉన్నా బాగుండేది, నాలుగు చీవాట్లు పెట్టడానికి వీలుండేది.

ఆ పూట బల్ల మీద పుస్తకం లేదు. మాస్టారు అడిగితే, "ఈ ఏడాదికి వద్దులెండి, పిల్లల చదువులున్నాయి" అంది. ఆయన గతుక్కుమన్నాడు. ఎదురింటి అమ్మాయి క్లాసులో ఉందని గుర్తొచ్చి, ఎందుకో అర్థమైంది కూడా. అడిగితే తప్పు ఒప్పుకోవాల్సి వస్తుందని, వచ్చే ఏడాది చూద్దాంలే అని సరిపెట్టుకున్నాడు. ఆ వచ్చే ఏడాది మరి రానే లేదు.

పోనీ, ఆ జోకైనా మానేశాడా? అదీ లేదు. ఏటా ఆ పాఠం వచ్చేముందు ఒట్టు పెట్టుకునేవాడు. తీరా పిల్లలు దిక్కులు చూడగానే నోరు జారేవాడు. నవ్వులు ఆగాక మాత్రం మనసు చివుక్కుమనేది, ఇంటికెళ్ళి ఆవిడ మొహం చూడాలంటే సిగ్గేసేది.

రిటైరైన రోజున వీడ్కోలు సభలో ప్రిన్సిపాల్ మైకు పుచ్చుకుని ఆ కథే చెప్పాడు. "మేడం గారి పుణ్యమా అని మా పిల్లలెవరూ ఆ లెక్క తప్పలేదు!" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. ముందు వరసలో ఆవిడ కూడా అందరితో పాటు నవ్వింది. వేదిక మీద మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. ఎట్టకేలకు నోరు పెగుల్చుకున్నాడు.

"ఆరోజు క్లాసులో నేనలా అనకుండా ఉండాల్సింది. నీ చదువు నేనే పాడుచేశాను."

"నేను లెక్క తప్పాను, మీరు క్లాసులో చెప్పారు. దానికేముంది?" ఆవిడ కిటికీలోంచి చూస్తూనే అంది. "కానీ ఆ తప్పు దిద్దుకున్న పూటే ఆ పాఠం చివరనున్న లెక్కలన్నీ చేశానండీ. ఒక్కటీ తప్పుపోలేదు. మీరే దిద్దారు. ఇన్నేళ్ళలో ఏ క్లాసులోనైనా ఆ మాట చెప్పారా?"

మాస్టారికి గుర్తుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎర్ర సిరాతో వరసగా టిక్కులు పెట్టి, ఆవలించి, లేచి వెళ్ళిపోయాడు. అందులో నవ్వించేదేమీ కనబడక, ఎవరికీ చెప్పలేదు.