మింగించిన గోలీ

పోయిన వారం మా కోడలు డ్యూటీకి పోతూ, వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూనే, "అత్తమ్మా, పాప ఏడిస్తే ట్యాబ్లెట్ ఇయ్యి, బల్ల మీద ఉన్నది" అని చెప్పి కంపెనీ బస్సెక్కింది. పాప కాసేపటికి ఏడ్వనే ఏడ్చింది. నుదురు చూశాను, చల్లగా ఉంది. నాలుక చూశాను, బాగుంది. జ్వరం లేని పిల్లకు మందు మింగించడం మందుకూ దండగే, పిల్లకూ దండగే అనుకుని ఇంత బెల్లం ముక్క చేతిలో పెట్టి ఊరుకోబెట్టాను. సాయంత్రం కోడలు వచ్చి, ట్యాబ్లెట్ అంటే బొమ్మలు కనబడే పలక అని చూపించి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నేను నవ్వలేదు. మాట ఒకటై వస్తువులు రెండైతే ఏమవుతుందో ఈ ఇంట్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

మన ఈడు వాళ్లకు ఈ ట్యాబ్లెట్ అనే మాటే లేదు. జ్వరం వస్తే దవాఖానలో ఇచ్చేది గోలీ, పిల్లలు మట్టిలో గుంట తీసి ఆడేదీ గోలీయే. ఒకటి నోట్లోకి, ఒకటి గుంటలోకి. ఇందులో తికమక పడేందుకు ఏముందని నేనూ అనుకునేదాన్ని.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. అప్పుడు జడ్చర్లకు అవతల మా ఊళ్లోనే ఉండేవాళ్లం. మా ముసలాయన గొర్ల వెంట పోయేవాడు, కోడలు కొత్తగా మందుల కంపెనీలో గోలీలు డబ్బాల్లోకి ఎత్తే పనికి కుదిరింది, నాలుగేళ్ల మనుమడు నా పాలబడ్డాడు. అంగన్‌వాడీ టీచరమ్మ మంచిదే గాని చాదస్తం ఎక్కువ. గోళ్లు తీయాలని, సబ్బుతో చేతులు కడగాలని, గింజలూ గుండీలూ గోలీలూ పిల్లల దగ్గర ఉంచొద్దని, గొంతుకు అడ్డం పడతాయని రోజూ చెప్పేది. చివరి మాట నాకు నచ్చింది. ఆ పూటే సూదీ దారం తీసి మనుమడి లాగుల జేబులన్నీ కుట్టేశాను. జేబే లేకపోతే గోలీ ఎక్కడ పెట్టుకుంటాడని నా ధీమా. మూడో తరగతితో ఆగిన నా బుద్ధి అంతవరకే పోయింది, వాడి బుద్ధి ఇంకొంచెం ముందుకు పోయింది.

పిల్లలకు నులిపురుగుల గోలీ వేసే రోజు వచ్చింది. మా ముసలాయన దృష్టిలో అది గొర్లకు తాగించే నట్టల మందు లాంటిదే, ఒక్క గొర్రె తప్పినా గొర్ల మందంతా చెడుతుందని పొద్దున్నే నన్ను హెచ్చరించి పోయాడు. మధ్యాహ్నం నేను వెళ్లేసరికి టీచరమ్మ లోపల పిల్లల గోలలో ఉంది, వీడు గడప దగ్గర ఒక బుగ్గ ఉబ్బించుకుని నిలబడ్డాడు. మందు గోలీని బుగ్గన దాచి, నేను అటు తిరగగానే ఉమ్మేయడం వాడికి ముందునుంచీ వచ్చిన విద్యే.

"నోట్లె ఏందిరా?"

"గోలీ" అన్నాడు, పెదవులు విప్పకుండానే.

"మింగు."

తల అడ్డంగా ఊపాడు. ఊరికే ఇచ్చిన మందైనా సరే, మట్టిపాలైతే నాకు ఒప్పదు. "మింగుతవా, చింతబరిక తేవాల్నా?" అన్నాను. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు పైకీ కిందికీ ఆడింది, గుటుక్కుమంది. నోరు తెరిపించి చూస్తే ఖాళీ. శభాష్ అని భుజం తట్టి ఇంటికి తెచ్చి బెల్లం పెట్టాను.

పొద్దు వాలాక టీచరమ్మ కాగితంలో చుట్టిన తెల్లటి గోలీ ఒకటి పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది.

"అవ్వా, నీ మనుమడు పొద్దంత నోరు తెరువలే. ఏమడిగినా తల ఊపుడే. ఈ గోలీ జర నువ్వన్న నమిలిపియ్యి. ఈ మొండితనం ఎవ్వల పోలికనో."

"ఎవ్వల పోలికైతేంది, మింగిండు గద. నా కండ్ల ముంగట్నే మింగిచ్చిన."

"ఏం మింగిచ్చినవ్? వాని గోలీ ఇగో, నా చేతిల ఉన్నది."

ఇద్దరం వాడి వైపు తిరిగాం. బెల్లం చప్పరిస్తూ కూర్చున్నవాడు, "నీలంది" అన్నాడు. తర్వాత మాకు బాగా అర్థం కావాలని, "ఆడుకునేది" అని కలిపాడు.

నేను పెట్టిన కేక వాకిలి దాటింది. వాడ వాడంతా చేరింది. ఒకామె తలకిందులు చేసి వీపు చరచమంది, ఒకామె ఆముదం పోయమంది, మా ముసలాయన తన మేకపోతు ఒకటి తాళంచెవి మింగి కూడా బతికిందని నాకు ధైర్యం చెప్పాడు. టీచరమ్మ అందరినీ పక్కకు జరిపి, వాడు మాట్లాడుతున్నాడు, ఊపిరి బాగానే ఆడుతోంది, గొంతులో వేలు పెట్టొద్దు, ఏదీ పోయొద్దు అని ఆటో పిలిపించింది. దారి పొడుగునా వాడి గొంతు మీదనే నా చూపు.

దవాఖానలో నర్సమ్మ చీటీ మీద కలం పెట్టింది.

"ఏం మింగిండు?"

"గోలీ."

"ఏం గోలీ? బీపీదా, షుగర్‌దా?"

"నీలంది."

"ఇంట్ల ఎవ్వరు ఏసుకుంటరు?"

"ఎవ్వరు ఏసుకోరు బిడ్డా, గుంటల ఏసి ఆడుతరు."

ఫోటో తీస్తే వాడి కడుపులో నిండు చందమామలా కనబడింది. గొంతు దాటింది, అదే బయటికి వస్తుంది, ఎప్పటిలాగే తిండి పెట్టండి, వాంతులైనా కడుపు నొచ్చినా వెంటనే తీసుకురండి, వచ్చేదాకా దొడ్డికి పోయినప్పుడల్లా చూసుకోండి అన్నాడు డాక్టరు. అప్పుడే కోడలు ఫోను చేసి, "అత్తమ్మా, పిలగాడు గోలీ మింగిండా?" అని అడిగింది. మింగాడన్నాను. అంతకన్నా నిజమైన మాట నా నోట ఎన్నడూ రాలేదు.

డ్యూటీ దిగి వచ్చాక మిగతా సగం చెప్పాను. వాడి కడుపుకు చెవి ఆనించి చాలాసేపు కూర్చుని, "మా కంపెనీల గోలీ మీద జర గీత వడ్డా పక్కకు వెడ్తరత్తమ్మా. నువ్వు గాజుదే మింగిచ్చినవ్" అంది. తిట్టినా బాగుండేది.

అప్పటినుంచి మా వాడలో "తిన్నవా" అనే పలకరింపు పోయి "ఎల్లిందా" అనేది వచ్చింది. పాలు తెచ్చే ఆమె "ఎల్లిందా", రేషన్ దుకాణం ముందు "ఎల్లిందా", ఊరి బస్సు దిగినవాళ్లు సంచి కింద పెట్టకముందే "ఎల్లిందా". వాడు పాత రేకుతట్ట మీద పెళ్లికొడుకులా కూర్చునేవాడు, నేను పుల్ల పట్టుకుని కాపలా.

ఒకనాడు పొద్దున్నే తట్టలో ఠంగుమంది. గొర్ల దొడ్డిలోంచి ముసలాయన కేకేశాడు, "ఎల్లిందా?" ఎల్లిందని నేను వేసిన కేకకు కంపెనీ బస్సు మెట్టు మీద కాలు పెట్టిన కోడలు ఆ కాలు వెనక్కి తీసుకుంది. ఆ రోజు డ్యూటీకి పోలేదు. గడప మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని నవ్విందో ఏడ్చిందో నేను అడగలేదు. టీచరమ్మ వచ్చి, ముందు వాడి నోట్లోకి బ్యాటరీ లైటు వేసి చూసి, తర్వాతే తెల్ల గోలీ చెంచాలో నలిపి తినిపించింది. జేబుల కుట్లు విప్పేశాను. గాజు గోలీని వేడినీళ్లలో కడిగి డబ్బాలో దాచాను. పడేయడానికి అది చెడిపోలేదు.

మొన్న ఆ పలక గొడవ తర్వాత డబ్బా తీసి, పాపకు అందకుండా దూరం నుంచే చూపించాను. ఏందిదంటే గోలీ అన్నాను. ఆ మాట దానికి తెలియదు, మందుగానూ తెలియదు, ఆటగానూ తెలియదు. ఇప్పుడు మేముండేది జడ్చర్లలో కిరాయి ఇల్లు. పాప బడిలో మెత్తటి నేల, మూలమూలకు కెమెరా, పిల్ల తుమ్మినా కోడలి ఫోనుకు కబురు వస్తుంది. మంచిదే, కాదనను. కానీ మొన్నటి వానల్లో పాపకు జ్వరం వచ్చి విడవక విడవక విడిచిన పొద్దున, నేను బయటికి వచ్చి మెట్ల దగ్గర కాసేపు నిలబడ్డాను. పై ఇంటామె దిగిపోయింది, పక్కింటాయన బండి తీసుకుని పోయాడు. ఎవరన్నా "తగ్గిందా" అంటే, తగ్గిందని చెబుదామని జవాబు నోట్లోనే పెట్టుకుని ఉన్నాను. దాన్ని మింగి మళ్లీ లోపలికి వచ్చాను.