కళ్ళెం వద్దన్న గుర్రం

మొన్న తెనాలిలో మా బావమరిది మనవడి పెళ్ళికి వెళ్ళాను. ఈమధ్య మన వైపు కూడా పెళ్ళికొడుకుని గుర్రమెక్కించి ఊరేగించడం మొదలైంది కదా, వ్యానులో ఒక తెల్లగుర్రాన్ని తెప్పించారు. నుదుటికి పూసలపట్టీ కట్టబోతే అది తల పైకెత్తేసి నాలుగడుగులు వెనక్కి వేసింది. పొగరని ఒకరన్నారు, బెదురని ఇంకొకరన్నారు. చెయ్యి చెవి దాకా రాకముందే తల ఎత్తేసే గుర్రాన్ని ఒకదాన్ని వెనకటికి నేనే స్వయంగా తయారుచేశాను.

మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రేపల్లెలో తెనాలి బండి ఆగేసరికి స్టేషను బయట జట్కాలు బారులు తీరి ఉండేవి. ఆ పక్కనే ఒక ఊళ్ళో పశువుల ఆసుపత్రికి నేను కొత్తగా కాంపౌండరుగా వచ్చాను. నాకు తెలిసిందల్లా బర్రెలూ ఎద్దులూ. గుర్రాన్ని చూసింది జట్కా ఎక్కినప్పుడే, అదీ వెనక నుంచి. అయినా తెలియదని ఒప్పుకునే వయసు కాదు. మా వీధి చివర జట్కా బాబాయి ఉండేవాడు. బంధుత్వమేమీ లేదు, ఆయన ఊరందరికీ బాబాయే, ఆయన భార్య అందరికీ పిన్నే. నిజాంపట్నం చేపల తట్టల్ని రైలుకి అందించడం, రైలు దిగినవాళ్ళని ఇళ్ళకి చేర్చడం ఆయన పని, ఆ ఇంటికి అన్నం పెట్టేది ఒక గోధుమరంగు ఆడగుర్రం.

ఒక వానాకాలం దాని ఎడమ చెవిలో పుండు పడి పురుగులు పట్టాయి. డాక్టరు గారు క్యాంపులో ఉన్నారు. గుర్రం కదలకుండా నిలబడాలంటే రెండో చెవి పట్టుకుని మెలిపెట్టడం అప్పట్లో జట్కావాళ్ళందరికీ తెలిసిన పద్ధతే, కానీ బాబాయికి ఇష్టం లేదు. "కాసేపు ఆగండి కాంపౌండరు గారూ, మా ఆవిణ్ణి పిలుస్తాను, అది ఆమె మాట వింటుందండి" అన్నాడు. వెనక బర్రెలు వరసలో ఉన్నాయి, నాకు ఆగే ఓపికెక్కడిది? మంచి చెవిని దొరకబుచ్చుకుని మెలిపెట్టి, అటెండరు పురుగులన్నీ ఏరేదాకా వదల్లేదు. ఎనిమిది రోజుల్లో పుండు మానింది. నేను కాలరెగరేసుకుని తిరిగాను.

మానింది పుండొక్కటే. ఆ తర్వాత గుర్రం ఎవర్నీ తల ముట్టుకోనివ్వలేదు. కళ్ళెం పట్టీ చెవుల మీంచే తొడగాలి, చెయ్యి మెడ దాటేసరికి అది తల ఎత్తేసేది, ఒకసారి ముందుకాళ్ళు కూడా లేపింది. కళ్ళెం లేనిదే పగ్గాలు లేవు, పగ్గాలు లేనిదే బండి లేదు. జట్కా నొగలు నేలకానించుకుని ఇంటిముందు పడి ఉంది. చివరికి బాబాయి బాపట్ల వైపు నుంచి వచ్చే బేరగాడికి కబురు చేస్తే, అమావాస్య వెళ్ళాక వచ్చి తోలుకెళ్తానన్నాడు. బండి లాగని గుర్రాన్ని కొనేవాడు మేపుకోవడానికి కొనడని అందరికీ తెలుసు. పిన్ని రెండు రోజులు సరిగా అన్నం తినలేదట. నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

కొల్లూరు లంకల పచ్చగడ్డి ఒక మోపు సంపాదించి, సిగ్గు చంపుకుని వెళ్ళాను. పిన్ని నన్ను గుమ్మంలోనే ఆపేసింది. "ముందు ఆ మందుల వాసన వదిలించుకోండి బాబూ. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని రండి." అలాగే వెళ్ళాను, రోజూ సాయంత్రం వెళ్ళాను. ఆవిడ గుర్రం తల జోలికే పోయేది కాదు. భుజం మీద చెయ్యి వేసి, గుర్రం బిగుసుకోకముందే తీసేసేది, మళ్ళీ వేసేది. "అది వద్దనక ముందే మనం తీసెయ్యాలండి. పిల్లకి తలంటేటప్పుడు చూడండి, ఏడుపు మొదలెట్టాక ఆపామంటే రేపు ముందే ఏడుస్తుంది." అలా రోజుకో బెత్తెడు చొప్పున మెడ మీదికి, దవడ మీదికి వచ్చింది. ఒకనాడు నేను ఆత్రం పట్టలేక చెవి దాకా చెయ్యి పోనిచ్చాను. మళ్ళీ భుజం దగ్గర నుంచి మొదలుపెట్టాల్సి వచ్చి మూడు రోజులు పోయాయి. "ఏంటి బాబూ ఆ తొందర, రైలేమన్నా వెళ్ళిపోతుందా?" అంది పిన్ని. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నా బుర్రకి తట్టిన మంచి ఆలోచన ఒక్కటే, పట్టీని కోయించి, చెవుల మీంచి తొడగక్కర్లేకుండా వెనకగా వేసి చెంప దగ్గర బిగించేలా బకిల్ కుట్టించాను.

బేరగాడు రేపు వస్తాడనగా పిన్ని ఆ పట్టీని చెవుల వెనక వేసింది. గుర్రం ఒళ్ళు ఒకసారి జలదరించింది. ఆవిడ చెయ్యి తీసేసి, ఊరుకుని, మళ్ళీ వేసింది. బకిల్ పడింది. గుర్రం తల దించి ఆవిడ భుజానికి ఆనించింది. బాబాయి అరుగు మీద కూలబడి తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. మర్నాడు బేరగాడు టీ తాగి ఉత్త చేతులతో వెళ్ళాడు.

ఏడాది తిరిగేసరికి నాకు బాపట్లకి బదిలీ అయింది. ట్రంకు పెట్టెతో ఆ జట్కాలోనే స్టేషనుకి వెళ్ళాను. దిగాక దాని నుదురు నిమురుదామని చెయ్యి చాచాను. ఊళ్ళో పిల్లల చేత కూడా నిమిరించుకునే గుర్రం, నన్ను చూసి తల పైకెత్తేసింది. బాబాయి నొచ్చుకుని "ఎండ కదండీ, చిరాకు" అన్నాడు. ఎండేమీ లేదు, మబ్బు పట్టి ఉంది.

ఇప్పుడు స్టేషను బయట ఆటోలున్నాయి. ఎంత మొండి పశువునైనా ఒక్క ఇంజెక్షనుతో మత్తుగా నిలబెట్టే మందులొచ్చాయి, మంచిదే, నేను కాదనను. ఒక గుర్రం పక్కన ఇరవై సాయంత్రాలు నిలబడే తీరిక ఇప్పుడెవరికీ లేదు, నాకూ లేదు. మిగతా ఉద్యోగకాలంలో మళ్ళీ ఏ గుర్రానికీ చెవి మెలిపెట్టలేదని ఇంట్లో గొప్పగా చెప్పుకుంటుంటాను. నిజానికి ఆ తర్వాత నా దగ్గరికి గుర్రాన్ని తీసుకొచ్చినవాళ్ళే లేరు.