నాన్న అరచేతిలో నాలుగక్షరాలు

మా నాన్న పోర్టు దగ్గర ఒక కంటైనర్ యార్డులో టాలీ క్లర్కుగా పనిచేసేవాడు. ప్రతి కంటైనర్ మీదా నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. గేటు దగ్గర నిలబడి వాటిని తప్పు లేకుండా రాసుకోవడం, తలుపుకి వేసిన సీలు ఎవరూ విప్పలేదు కదా అని లాగి చూడటం తన పని. చదివింది పదో తరగతి, అదీ తెలుగు మీడియంలో. సాయంత్రం పూర్ణా మార్కెట్ వెనకున్న ఇంటికి వచ్చేసరికి ఎడమ అరచేతిలో బాల్‌పెన్నుతో రాసిన నాలుగక్షరాలు ఉండేవి. అవి ఆ రోజు వచ్చిన మొదటి కంటైనర్ మీదవి. ఆ నాలుగూ ఎక్కడో ఒకచోట ఉన్న ఇంగ్లీషు మాట వెతకాలి. ఎవరి మాట పొడవైతే వాళ్లదే గెలుపు.

నేను ఇంగ్లీషు నేర్చుకున్నది బడిలో కాదు, ఆ చేతిలోనే.

ఆటకి ఒకటే నియమం. చెప్పిన మాటకి అర్థం కూడా చెప్పాలి. "అర్థం సెప్పలేకపోతే అది నీ మాట కాదమ్మా, పుస్తకంది" అనేవాడు. నేను ఇంగ్లీషులో ఎం.ఏ. పాసయ్యాక అర్థం అడగడం మానేశాడు. "నీకు తెలీకపోద్దేటి" అనేవాడు, పక్కింటి వాళ్లకి కూడా వినపడేలా.

పెళ్లయి ఊరికి ఆ చివరున్న మధురవాడ వచ్చాక ఆట ఫోన్లోకి మారింది. పొద్దున్నే యార్డు నుంచి ఫోన్ చేసి అక్షరాలు చెప్పేవాడు, సాయంత్రం నా మాట అడిగేవాడు. అరవై దాటినా యార్డు వాళ్లు తనని వదల్లేదు. ఆ గేటు దగ్గర ఇన్నేళ్లలో ఒక్క నంబరూ తప్పు రాయలేదని నాన్నకి గొప్ప.

ఒకరోజు ఆఫీసులో ఊపిరాడని పని. అక్షరాలు కొడితే మాటలు కుప్పగా పోసే వెబ్‌సైటు ఒకటి కనపడింది. అన్నిటికన్నా పొడవైనది ఏరి సాయంత్రం చెప్పేశాను. నాన్న "అబ్బో!" అన్నాడు. ఆ అబ్బో నాకు బాగుంది. మర్నాడూ అదే పని చేశాను, ఆ మర్నాడూ. తర్వాత ఆలోచించడమే మానేశాను. గెలవాలని కాదు, ఆయనకి ముచ్చటగా ఉంటుందని చేస్తున్నానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది శుద్ధ అబద్ధం. నాకు బద్ధకం, అంతే.

ఎనిమిది నెలలు నాన్న ఒక్కసారీ గెలవలేదు. "అబ్బో" పోయి "ఊఁ" వచ్చింది. నేను పట్టించుకోలేదు.

ఒక శనివారం అక్షరాలు చెప్పడానికి ఫోన్ రాలేదు. నేనే చేశాను.

"పని మానేసినానమ్మా" అన్నాడు.

"ఏటయింది నాన్నా? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవులూ ఏటీ అన్లేదు. నా బుర్రే పని సేత్తం లేదు. నీకు అంతంత మాటలు దొరుకుతన్నాయి, నాను ఒక్కపాలీ నీకంటే పెద్దది తేలేకపోతన్నాను. రేపొద్దున నంబరు తప్పు రాసినాననుకో, సరుకు ఇంకో ఓడెక్కిపోద్ది. తప్పు జరక్కముందే వచ్చేత్తే మర్యాద కదా."

ఫోన్ పెట్టేశాను. బస్సెక్కి గంటలో ఇంటికి వెళ్లాను.

నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పాత టాలీ పుస్తకం. ఎనిమిది నెలలుగా నేను చెప్పిన మాటలన్నీ అందులో ఉన్నాయి, నంబర్లు రాసుకునే ఆ గుండ్రటి దస్తూరీతో, గళ్లు దాటకుండా. పక్కన తన మాటలు. చివరి వరసలో అక్షరాలు ఆర్, డి, ఎమ్, యు. నాన్న మాట మెమొరాండమ్. నాది క్వాడ్రూమనస్. ఎవరి సాయమూ లేకుండా పది అక్షరాల మాట పట్టుకున్న మనిషి, బుర్ర పోయిందని ఉద్యోగం వదిలేసి కూర్చున్నాడు.

"డిక్షనరీలో ఇది లేదమ్మా. నేర్చుకుందారని రాసుకున్నాను. ఏటి దీనర్థం?" అన్నాడు.

నాకు తెలియదు. ఆ పేజీలో సగం మాటలకి తెలియదు. అదొక రకం కోతుల గురించి చెప్పే మాటని తర్వాత చూసుకున్నాను. నేను చేసిన పనికి తగిన మాటే. అప్పుడు మాత్రం తలొంచుకుని ఉన్నదంతా చెప్పేశాను.

నాన్న పుస్తకం మూశాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఎనిమిది నెలలు."

"ఎనిమిది నెలలూ నాకు మతిపోతందనుకున్నాను. మీ అమ్మకి కూడా సెప్పలేదు, బెంగెట్టేసుకుంటాదని." లేచాడు. లోపలికెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆ గ్లాసు పట్టుకోవడానికి నాకు సిగ్గేసింది.

సోమవారం యార్డుకి వెళ్లి మళ్లీ పనిలోకి తీసుకోమని అడిగాడు. మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చారట. గేటు దగ్గర అప్పటికే కొత్త మనిషిని పెట్టేశారు. తనంతట తనే మానేసిన మనిషి ఇంక ఎవరినంటాడు?

ఇప్పుడు పొద్దున్నే పోర్టు రోడ్డు మీద ఒక టీకొట్టు దగ్గర నిలబడతాడు. కంటైనర్ లారీ ఏదైనా పోతుంటే అక్షరాలు చదివి నాకు ఫోన్ చేస్తాడు. నేను రోజంతా బుర్ర గోక్కుంటాను. ఐదక్షరాల మాట, మహా అయితే ఆరు. మళ్లీ నాన్నే గెలుస్తున్నాడు.

సాయంత్రం నా మాట చెప్పగానే ఒక్క క్షణం ఆగుతాడు. సీలు లాగి చూసేటప్పుడు కూడా అలాగే ఆగేవాడు.

"నీదేనా?" అంటాడు.

"నాదే నాన్నా" అంటాను. అర్థం కూడా చెబుతాను, ఆయన అడక్కపోయినా.