పెద్ద బండి కోసం గిద్దలూరు దాకా

ఒంగోలులో మా ఇల్లు మూడో అంతస్తు. కింద స్కూటర్ పెట్టుకోవడానికే పక్కింటివాళ్లతో రోజూ పేచీ. అలాంటి ఇంట్లో ఉంటూ నాకు ఏటీవీ పిచ్చి ఎందుకు పట్టిందో మా ఆయనకు ఇప్పటికీ అర్థం కాదు. లావుపాటి నాలుగు టైర్లు, మోటార్‌సైకిల్‌కు ఉన్నట్టు హ్యాండిల్, గట్టూ పుట్టా లెక్కచేయకుండా పోయే బండి అది. కొన్నేళ్ల కిందట చిన్నదొకటి కొన్నాను. రోడ్డు మీద తిప్పడానికి దానికి అనుమతి ఉండదు కాబట్టి బేస్తవారిపేట దగ్గర మా పుట్టింట్లో, మా అన్న ఓబులేసు రేకుల షెడ్డులో ఉంచాను. సెలవులొచ్చినప్పుడు పోయి మా బీడు పొలాల్లో మనసు తీరా తిప్పుకునేదాన్ని. నేను లేని రోజుల్లో అన్న దాని మీద గొర్రెల దొడ్డికి నీళ్ల డబ్బాలు తోలుకునేవాడు. ఈ ఎండాకాలం వాగు ఇసుకలో అది రెండుసార్లు కూరుకుపోయింది. వెనక చక్రాలు మాత్రమే లాగే బండితో ఇక లాభం లేదు, దాన్నిచ్చేసి నాలుగు చక్రాలూ లాగే పెద్దది తీసుకోవాలని పట్టుబట్టాను. ఈ ప్రయాణం అందుకోసమే. మీలో ఎవరైనా ఇదే పని మీద గిద్దలూరు వెళ్దామనుకుంటే దారీ ఖర్చులూ ఇందులో ఉన్నాయి. నా తెలివితక్కువతనం కూడా ఉంది.

ఒంగోలులో తెల్లవారుజామున గిద్దలూరు బస్సు ఎక్కితే పొదిలి మీదుగా మూడు గంటల చిల్లరలో బేస్తవారిపేటలో దిగుతాం. ఎండాకాలమైతే మొదటి బస్సే మేలు. పొదిలి దాటాక కిటికీ తెరిస్తే మొహానికి సెగ కొడుతుంది. నేను దిగేసరికి అన్న ట్రాలీ ఆటో మాట్లాడి, చిన్న బండిని అందులో ఎక్కించి, కదలకుండా తాళ్లతో కట్టించి సెంటర్లో నిలబడి ఉన్నాడు. గిద్దలూరు పోయి రావడానికి రెండు వేల ఐదు వందలకు బేరం కుదిర్చాడు, డీజిల్ డ్రైవర్‌దే. బండి తళతళలాడుతోంది. ముందురోజు సాయంత్రమంతా కూర్చుని కడిగాడట. మంచి ధర రావాలని కాబోలు అనుకున్నాను.

అన్న క్యాబిన్‌లోకి ఎక్కడానికి కాస్త ఇబ్బంది పడ్డాడు. ఒకసారి గొర్రెలకు తుమ్మ మండలు నరుకుతూ చెట్టు మీద నుంచి పడ్డాడు. అప్పటినుంచి కుడి మోకాలు వంగదు. కుంటుతూనే పనులన్నీ చేసుకుంటాడు కాబట్టి మేం ఆ సంగతి దాదాపు మరిచిపోయాం.

బండి కదిలాక డ్రైవర్ ఖాసిం ఊరుకోలేదు. "అక్కా, ఉన్న బండి శుభ్రంగా ఉంది గదా, ఎందుకు మార్చేది?"

"ఇసుకలో పోవడం లేదు."

"ఇసుకలో నీకేం పనక్కా?"

నేను నోరు తెరిచేలోపు అన్నే నవ్వి, "పాప బండి, పాప ఇష్టం. నీకెందుకు లేరా" అన్నాడు. పాప అంటే నేనే. నాకు నలభై దాటినా మా అన్నకు పాపనే.

కంభంలో ఆగి దోసెలు తిన్నాం. ముగ్గురికీ కలిపి రెండు వందలు కూడా కాలేదు. పల్లీ చట్నీ కారంగా, బాగుంది. అన్న సగం దోసె ప్లేటులో వదిలేసి, "పాపా, ఆ చిన్నదానికి షెడ్డాయన ఏం కడతాడో ఏమో. మరీ తక్కువ చెప్పినాడనుకో, ఇయ్యొద్దులే" అన్నాడు.

"ఎంత కట్టినా ఇచ్చేద్దాం అన్నా. రెండు బండ్లు ఎక్కడ పెడతాం?"

"అంతేలే" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. ఆయన అడగగలిగినంత అడిగాడు. నేను వినలేదు.

గిద్దలూరు దాటి నంద్యాల రోడ్డులో కొంచెం దూరం పోతే పాత బండ్లు కొని అమ్మే మస్తాన్ భాయ్ షెడ్డు. పాత ట్రాక్టర్లు, స్ప్రేయర్ల మధ్య ఆయన నాకు ఫోటోలు పంపిన పెద్ద ఏటీవీ ముదురాకుపచ్చ రంగులో నిలబడి ఉంది. ఎక్కడో రిసార్టులో వాడి అమ్మేసిన బండట. ముందువైపు బురదలోంచి లాగే ఇనుప తాడు, వెనక వెడల్పాటి స్టాండు. సీటు నా నడుము కంటే ఎత్తు. కొత్త వింత, పాత రోత అన్నట్టు, ట్రాలీలో ఉన్న మాది నా కళ్లకు ఒక్కసారిగా పిల్లల బొమ్మలా కనిపించింది.

"పొలం పనికా మేడం, సరదాకా?" అని అడిగాడు భాయ్.

"రెండింటికీ."

"పొలంలో తోలేదెవురు?"

అన్నను చూపించాను. అన్న అప్పటికే మంచినీళ్ల కోసమంటూ పక్కకు వెళ్లిపోయాడు.

పాతది కొనేటప్పుడు షెడ్డులో ఇంజిన్ చప్పుడు విని మురిసిపోకూడదు. నాలుగు చక్రాలూ నిజంగా లాగుతున్నాయో లేదో ఇసుకలోనే తేలుతుంది. అందుకని దాన్ని సగిలేటి దగ్గరికి తీసుకెళ్లాం. ఏరు పూర్తిగా ఎండిపోయి ఉంది. మొదట రెండు చక్రాల మీదే పోనిచ్చాను, దిగబడింది. బటన్ నొక్కగానే ముందు చక్రాలు కూడా ఇసుకను పట్టుకుని బండి గర్రుమని పైకి లేచింది. అబద్ధమెందుకు, ఆ పది నిమిషాలు నా అంత సంతోషంగా ఉన్న మనిషి గిద్దలూరులో లేదు. ఒడ్డు ఎక్కి, "అన్నా, నువ్వూ ఒక చుట్టు తిప్పు" అన్నాను.

"నువ్వు తోలు పాపా, నేను చూస్తా. ఎండ బలంగా ఉంది." బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. సీటు మీద చెయ్యి పెట్టి తీసేశాడు.

మేం షెడ్డుకు తిరిగొచ్చేసరికి నంద్యాల వైపు మామిడితోట ఉన్న ఒకాయన మా చిన్న బండిని చూస్తూ నిలబడ్డాడు. భాయ్ నాకు లెక్క కట్టేలోపే ఆయనతో బేరం కుదిరిపోయింది. మా ట్రాలీలోంచి దించిన బండిని నేరుగా ఆయన వ్యాన్‌లోకి ఎక్కించారు. అన్న వ్యాన్ పక్కన నిలబడి ఆయనకు చెబుతూనే ఉన్నాడు. "పొద్దున పూట చోక్ లాగి కాసేపు ఆగాల. గబగబా రేస్ ఇయ్యొద్దు. ఎడమ పక్క టైరుకు గాలి దిగిపోతాంటాది, వారానికోసారి చూసుకో." తోటాయన తలూపుతూ వ్యాన్ ఎక్కాడు. అన్న మాత్రం అది మలుపు తిరిగేదాకా అక్కడే ఉన్నాడు. అప్పుడైనా అర్థం కావాల్సింది. కొత్త బండి రసీదు బ్యాగులో పెట్టుకునే హడావిడిలో ఉన్నాను.

ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ట్రాలీని గట్టుకు ఆనించి పెద్ద బండిని దించాం. వదిన చెన్నమ్మ, చుట్టుపక్కలవాళ్లు చేరారు. గొర్రెలకు నీళ్లు తోలే వేళ అది. నేనే డబ్బాలు నింపి వెనక స్టాండుకు కట్టాను. ఇక అన్న ఎక్కి ఠీవిగా తోలుకుపోవడమే తరువాయి అనుకున్నాను. "ఎక్కన్నా!" అన్నాను అందరి ముందూ.

అన్న హ్యాండిల్ పట్టుకున్నాడు. ఎడమ కాలు మెట్టు మీద పెట్టి కుడి కాలు అటువైపు వేయబోయాడు. కాలు సీటు దాకా లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు, చెయ్యి జారి బండి మీద పడబోయి ఆగాడు. "పొద్దుట్నుంచి కూర్చోని కాలు పట్టేసినాదిలే, రేపు తోలుతా" అని నవ్వాడు.

వదిన చేతిలోని తట్ట కింద పడేసింది. "పట్టేసేదేంది? ఆ కాలు లేసింది ఎప్పుడు? చిన్నదైతే కిందికుండె కాబట్టి, పక్కన్నుంచి సీటు మీదికి వాలి కాలు జరుపుకుంటాండె. దీనికి నిచ్చెన వేయాల!"

"మరి ముందే చెప్పొచ్చు కదా వదినా! చిన్నది ఉంచేసేదాన్ని."

"నేను చెప్తానంటే నోరు మూయించినాడు మీ అన్న. ఆడబిడ్డ సొమ్ము ఇన్నాళ్లు వాడుకునిందే ఎక్కువ, ఉంచిపొమ్మని ఏ మొగం పెట్టుకోని అడిగేది అన్నాడు."

"ఊరుకోవే" అన్నాడు అన్న తల వంచుకుని.

ఆడబిడ్డ సొమ్ము తింటే ఇంటికి అచ్చిరాదని మా వైపు గట్టి నమ్మకం. చిన్నప్పుడు నా కోళ్ల గుడ్లు అమ్మితే వచ్చిన చిల్లర కూడా నాయన ముట్టుకునేవాడు కాదు. ఆ ఇంట్లో పుట్టిన నాకు ఇది తెలియదని చెప్పుకోవడానికి లేదు. అక్కడే నిలబడి మస్తాన్ భాయ్‌కి ఫోన్ చేశాను. అరగంటకు ఆయనే తిరిగి చేసి, "తోటాయన ఇయ్యనంటాన్నాడు మేడం, బండి ఆయనకు బాగా నచ్చిందంట" అన్నాడు.

ఆ సాయంత్రం నీళ్లు నేనే తోలాను. చిన్న బండి చప్పుడు వినగానే ఎదురొచ్చే గొర్రెలు ఈ హోరుకు బెదిరి దొడ్డి కంపకేసి నెట్టుకున్నాయి. దూరంగానే ఆపేసి, వదినా నేనూ బిందెలతో మోశాం. అన్న నడిచి వచ్చేసరికి సగం డబ్బాలు ఖాళీ అయ్యాయి. మర్నాడు పొద్దున్నే నేను ఒంగోలు బస్సు ఎక్కేశాను.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అన్నకు అడిగే నోరు లేదని తెలిసీ, ఆయన మౌనాన్ని నాకు అనుకూలంగా అర్థం చేసుకున్నాను. ఆ చిన్న బండి నాకు సెలవుల్లో సరదా, ఆయనకు కాళ్లు. ఇప్పుడు వదిన నెత్తిన బిందె పెట్టుకుని దొడ్డికి రెండు పూటలా తిరుగుతోంది. ఇంకో చిన్నది వెతికి పంపిస్తానంటే అన్న ఒప్పుకోవడం లేదు, "మళ్లీ నీ సొమ్మే గదా" అంటాడు. నిన్న ఫోన్ చేస్తే, "నీ బండికి పట్ట కప్పినా పాపా, ఎండ తగలకుండా. వచ్చినప్పుడు తోలుకుందువులే" అన్నాడు. అది కొనేటప్పుడు 'మన బండి' అనుకున్నాను. ఆయనకు అది మొదట్నుంచీ నాదే.

మీకు ఒక్క సలహా. పాత బండి మార్చుకునే ముందు, దాన్ని రోజూ తోలే మనిషిని కొత్తదాని మీద ఒకసారి కూర్చోబెట్టి చూడండి. నీకు పర్లేదా అని మాత్రం అడక్కండి. పర్లేదనే అంటారు.