బోర్డు చాటున కూలర్

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన తర్వాతి వేసవిలో నన్ను రాజమండ్రి శివారులోని ఒక కార్ల సర్వీసు సెంటర్‌కు వర్క్స్ మేనేజర్‌గా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి పోస్టింగు. వర్క్స్ మేనేజర్ అంటే షెడ్డులో జరిగిన ప్రతి పనికీ, జరగని ప్రతి పనికీ సంతకం పెట్టేవాడు. నా కింద ఆటోమేటిక్ గేరుబాక్సు విప్పే అర్హత ఉన్న మెకానిక్ ఒక్కడే, యేసురత్నం. ఇరవై రెండేళ్ల సర్వీసు.

నేను చేరిన నెలలోనే మండపేట రైసుమిల్లు యజమాని సత్తిరాజు గారి బండి మూడోసారి మా షెడ్డుకు వచ్చింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పెద్ద జీపు అది. గేర్లు మార్చే పని బండే చూసుకుంటుంది. మూడుసార్లూ ఒకటే ఫిర్యాదు. గోదావరి ఇసుకలో పావుగంట నడిస్తే గేరుబాక్సు ఆయిలు వేడెక్కిందని ఎర్రదీపం వెలుగుతుంది, బండి మొరాయిస్తుంది. సత్తిరాజు గారు రోజూ ఇసుక ర్యాంపుకు, అంటే ఏట్లో ఇసుక తవ్వి లారీలకెత్తే చోటుకు, వెళ్లేవారు. ఎందుకని అడిగితే పర్యవేక్షణకు అనేవారు. ఏ హోదాలో అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ రకం బండికి క్లచ్చి పెడలు ఉండదు. ఇంజను బలం ఆయిలు ద్వారానే గేర్లకు చేరుతుంది. ఇసుకలో బండి నెమ్మదిగా, బరువుగా నడిచేటప్పుడు ఆ ఆయిలు సుళ్లు తిరిగి కాగిపోతుంది. దాన్ని చల్లార్చడానికి ముందు బంపరు వెనక, రేడియేటరు కింది భాగాన, నోటుపుస్తకమంత కూలర్ ఒకటి ఉంటుంది. ఆయిలు అందులోకి వెళ్లి, గాలి తగిలి, చల్లబడి తిరిగొస్తుంది. మంచి ఆయిలు ఎర్రగా ఉంటుంది. సత్తిరాజు గారి బండిలోది తారులా ఉంది, మాడు వాసన వేస్తోంది.

ఆయన మా ఓనరుకు ఫోను చేసి, మీ మెకానిక్ కిందటిసారి నాసిరకం ఆయిలు పోశాడని తేల్చేశారు. మర్నాడే యేసురత్నానికి మెమో వచ్చింది. వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే తొలగింపు. అతను మెమో రెండుసార్లు చదివాడు.

"సార్, నేను పోసిన ఆయిలు డబ్బా నంబరు ఈ బండి జాబ్‌కార్డులో రాసే ఉందండి. ఎవరైనా చూశారాండి?"

ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

ఆయిలు మార్చి, బండి డ్రైవరు అప్పారావును వెంటబెట్టుకుని యేసురత్నమూ నేనూ ఇసుకలోకి వెళ్లాం. స్కానరు తగిలిస్తే ఆయిలు వేడి ఎప్పటికప్పుడు తెలుస్తుంది. తొంభై డిగ్రీల దగ్గర ఉండాల్సింది పావుగంటలో నూట ముప్పై దాటింది. యేసురత్నం దిగి, బండి ముందు నిలబడి కాసేపు చూశాడు.

"కూలర్ ఎక్కడుందో కనిపిస్తోందాండి?"

కూలర్ కనిపించలేదు. దాని ముందు, బంపరుకు అడ్డంగా, సత్తిరాజు గారి పేరుతో ఇత్తడి అక్షరాల ఇనుప బోర్డు కనిపించింది. అది ఎప్పటిదని అప్పారావును అడిగాను.

"మొదట్లో అరచేతంతే ఉండేదండి. రైతు సంఘం ప్రెసిడెంటయ్యాక రెండు జానలైంది. గుడి కమిటీలో వేశాక ఇంకో జాన. మొన్న ఆ కమిటీ రద్దయిపోయిందండి. ముందు 'మాజీ' అని చేర్చాలి కదాండి, దాంతో ఇంకాస్త పెరిగింది."

బోర్డు నాలుగు బోల్టులు విప్పాం. ఆయిలు చల్లారేదాకా ఆగి, అదే ఇసుకలో అంతే సేపు నడిపాం. వేడి తొంభై అయిదు దాటలేదు. అప్పారావు మాత్రం చెమటలు కక్కాడు. బోర్డు లేకుండా బండి తోలినట్టు అయ్యగారికి చెప్పొద్దని బతిమాలాడు.

ఆ సాయంత్రం ఓనరు ఫోను చేసి, రిపోర్టులో బోర్డు అన్న మాట రావద్దన్నారు. సత్తిరాజు గారి సిఫారసు మీద ఓనరు గారి షోరూముకు ఆరు కొత్త బండ్ల ఆర్డరు రావాల్సి ఉంది. నేను "వాహనం ముందుభాగంలో గాలి ప్రసరణకు స్వల్ప అవరోధం" అని రాసి పంపాను. ఇంగ్లీషులో అది ఇంకా మర్యాదగా ఉంటుంది.

బండి తీసుకెళ్లడానికి సత్తిరాజు గారే వచ్చారు. బోర్డు తీసేస్తే మంచిదని మెల్లగా అన్నాను.

"తీసేస్తే ఎలాగండి? ర్యాంపు దగ్గర గేటు నా మొహం చూసి తీస్తున్నారనుకున్నారా?"

చేతులు తుడుచుకుంటూ యేసురత్నం ముందుకొచ్చాడు.

"అంత పెద్ద పేరు మోకాలెత్తులో ఏంటండి అయ్యగారూ? దుమ్మూ పేడా అంతా పేరు మీదే పడుతోంది. పైన క్యారియరుకు బిగిస్తే ఏటిగట్టు మీంచే కనిపిస్తుందండి."

సత్తిరాజు గారు బండి చుట్టూ ఒకసారి తిరిగారు. "ఈ మాట ముందే చెప్పొచ్చు కదయ్యా."

"ఇంకో రెండు పదవులకు చోటు కూడా ఉంటుందండి," అన్నాడు అప్పారావు.

బోర్డు పైకెక్కింది. ఎర్రదీపం మళ్లీ వెలగలేదు. కథ అక్కడ ముగియాలి, కానీ ఓనరు లెక్క వేరు. ఆయిలు మార్చారు, దీపం ఆగింది, కాబట్టి తప్పు పాత ఆయిలుదే. తొలగింపు బదులు హెచ్చరిక, ఒక ఇంక్రిమెంటు కోతతో మెమో ముగిస్తామన్నారు. దాన్ని కాదనడానికి నా రిపోర్టులో ఒక్క ముక్కా లేదు. యేసురత్నం ఆ రిపోర్టు కాపీ పట్టుకుని నా గదికి వచ్చాడు.

"మొత్తం చదివానండి. ఇందులో బోర్డు ఏదండి?"

అతను కోపంగా అడిగి ఉంటే నాకు ఏదో ఒక సాకు దొరికేది. మామూలుగానే అడిగాడు. రెండో రిపోర్టు ఆ మధ్యాహ్నమే రాశాను. బోర్డుతో వేడి ఎంత, బోర్డు విప్పాక ఎంత, డబ్బా నంబరు ఎంత. బోర్డు అన్న మాట ఏడుసార్లు వచ్చింది. ఒక కాపీ ఓనరుకు, ఇంకోటి ఆయనకు డీలర్‌షిప్ ఇచ్చిన తయారీ కంపెనీ టెక్నికల్ విభాగానికి పంపాను. నాలుగో రోజున మెమో రద్దయింది. ఓనరు నేను రిటైరయ్యేదాకా నాతో పొడిపొడిగానే మాట్లాడారు. ఆరు బండ్ల ఆర్డరు కూడా వచ్చింది. వాటిలో నాలుగింటి యజమానులు బోర్డు పైనే బిగించమని అడిగారు.

అడ్డంగా ఉన్నదాన్ని తీయమంటే ఎవరూ తీయరు, పైకెత్తుతామంటే ఒప్పుకుంటారు. అది యేసురత్నం కనిపెట్టిన సంగతి. నేను నేర్చుకున్నది వేరు. రిపోర్టులో అసలు కారణం రాయకుండా ఖాళీ వదిలితే, ఆ ఖాళీలో మెకానిక్ పేరు వచ్చి కూర్చుంటుంది.